కోరా గుడ్డ జోకరు

మా బిడ్డ స్కూల్లో గ్యాదరింగ్ అంటే మా గల్లీకి చిన్న పండగ. పిల్లలు డాన్సులు చేస్తారు, వేషాలు వేస్తారు, తల్లులు ముందు వరుస కుర్చీల కోసం పొద్దున్నే పోయి చున్నీలు పరిచి వస్తారు. ఆ ఏడు మా బిడ్డ మూడో తరగతి, మరాఠీ మీడియం. వేషాల పోటీలో జోకరు వేస్తానని పేరు ఇచ్చి వచ్చింది. ఇంట్లో ఒక్క మాట అడగలేదు. ఇచ్చి వచ్చాక చెప్పింది, అదీ అన్నం తింటూ.

దాంతోపాటు టీచర్ పంపిన చీటీ ఒకటి చదివి వినిపించింది. కిరాయికి తెచ్చిన డ్రెస్సులు ఒప్పుకోరట. ఇంట్లో, పని దగ్గర వృథాగా పడి ఉన్న వాటితోనే వేషం తయారు చేయాలట. స్కూలు నుంచి వచ్చిన చీటీ విని నేను సంతోషపడ్డది అదే మొదటిసారి. కిరాయి డ్రెస్సు అంటే అడ్వాన్సు కట్టాలి, ఎక్కడైనా చిరిగితే ఆ అడ్వాన్సు పోతుంది. వృథా గుడ్డ అంటారా, భివండీలో దానికి కొదవేముంది? కాళ్లకు అడ్డం పడుతుంది.

ఆ సంతోషం చేతులు కడుక్కునే దాకా కూడా నిలవలేదు.

ఎందుకో చెప్పాలంటే ముందు నా చెవుల సంగతి చెప్పాలి. నేను సాంచెలు నడుపుతాను. మరమగ్గాలను మావాళ్లు సాంచెలనే అంటారు. కామత్‌ఘర్‌లో ఒక కార్ఖానాలో ఆరు సాంచెలు నా చేతి కింద ఉన్నాయి. పదిహేడేళ్లుగా ఆ చప్పుడులో నిలబడి నిలబడి నా చెవులు సగానికి పైగా పోయాయి. ఈ మాట డాక్టరు చెప్పలేదు, మా ఆవిడ చెప్పింది. చెవులు పోయినవాడికి తన గొంతు ఎంత లేస్తుందో తెలియదు. కార్ఖానాలో అందరం అరుచుకుంటాం, లేదా ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకుంటాం. పెదాలు చదవడం మాకు ఎవరూ నేర్పలేదు, అదే వచ్చేస్తుంది. అవతలి వాడు నాలుగు సాంచెల దూరంలో ఉండి నన్ను తిట్టినా నాకు తెలుస్తుంది. మా బిడ్డ ఇది ఎప్పుడూ గమనించలేదు. బాపుకు వినబడదు, అంతే అనుకునేది.

చేతులు కడుక్కుని తువ్వాలు అందుకుంటుంటే, మా బిడ్డ వాళ్ల అమ్మతో మెల్లగా అంటోంది. గొంతు నాకు చేరలేదు. పెదాలు మాత్రం ఎదురుగా ఉన్నాయి.

"బాపును తేకు అమ్మా. బాపు ఒర్రుతడు. మళ్ల నన్ను భోంగా అంటరు."

భోంగా అంటే ఇక్కడ మైకుసెట్టు కొమ్ము. ముందు ఏడు తల్లిదండ్రుల మీటింగుకు నేనూ వెళ్లాను. టీచరుతో మామూలుగానే మాట్లాడానని నా నమ్మకం. "మా పిల్ల ఎట్ల చదువుతున్నది మేడమ్" అని అడిగాను, అంతే. పక్క క్లాసు పిల్లలు కిటికీలోంచి తొంగి చూడటం గుర్తుంది కానీ, ఏదో ఆటలో ఉన్నారనుకున్నాను. ఆ మర్నాటి నుంచి మా బిడ్డను భోంగా అని పిలుస్తున్నారట. ఏడాదిగా నాకు తెలియని సంగతి, మూడు మాటల్లో తెలిసిపోయింది.

కోపం వచ్చింది. ఎవరి మీదో తేలలేదు. కోపం వస్తే నేను దేన్నో ఒకదాన్ని విప్పి మళ్లీ బిగిస్తాను. కార్ఖానాలో అయితే సాంచె ఉంటుంది. ఇంట్లో ఏముంది, మోరీ దగ్గర కుళాయి ఉంది. అది విప్పాను. నీళ్లు చిమ్మి గోడంతా తడిసింది. మా ఆవిడ వచ్చి నా మొహంలోకి చూసి, "ఇన్నవా?" అని పెదాలతోనే అడిగింది.

"నేనేం ఇనలే," అన్నాను.

నా అబద్ధాలు ఆమెకు కొత్త కాదు. కుళాయి పట్టుకుని నిలబడింది, నేను బిగించాను. చాలా బాధపడ్డానని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ పూట మాత్రం, పోతే పోనీ, ఆ పిల్లల గోలలో నాకేం పని అని నాకు నేనే చెప్పుకున్నాను. అయితే డ్రెస్సు మాత్రం నేనే కుట్టాలని అప్పుడే పట్టుపట్టాను. నన్ను రానివ్వకపోయినా నా చేతిపని స్టేజీ ఎక్కుతుంది కదా. పిచ్చి లెక్కే, కానీ ఆ లెక్కతోనే నిద్రపట్టింది.

మర్నాడు సేటును గుడ్డ అడిగాను. మా సాంచెల మీద దిగేది కోరా గుడ్డ. అంటే రంగు వెయ్యనిది, ఉతకనిది, గంజి పట్టి అట్టలా ఉండేది. పోగులు తప్పిన ఒక ముక్క మూలన పడి ఉంది. ఆ తప్పు నాదే, అది సేటుకూ తెలుసు. తీసుకుపొమ్మన్నాడు. రంగు గుడ్డలు నేసే పక్క కార్ఖానాలో మిగిలిన రంగు రంగుల నూలు ఒక సంచెడు, నూలు చుట్టుకుని వచ్చే అట్ట కోన్లు రెండు కూడా పట్టుకొచ్చాను. కోను చూడగానే మా బిడ్డ దాన్ని నెత్తిన బోర్లించుకుంది. జోకరు టోపీ ఒక్క కుట్టు లేకుండా తయారైపోయింది.

కొలతలు నూలు పోగుతో తీశాను. టేపు ఉంది, కానీ నా చేతికి పోగే అలవాటు. భుజం నుంచి మణికట్టు దాకా ఒక ముడి, నడుము నుంచి మడమ దాకా ఒక ముడి, మెడలోంచి తల దూరాలి కదా, తల చుట్టూ ఒక ముడి. పోగు తగిలితే ఆ పిల్లకు చక్కిలిగింత. మెలికలు తిరిగేది, నేను కసిరేవాడిని, మళ్లీ నిలబడేది. అంతకుముందు ఎప్పుడూ అది అంతసేపు నా ముందు నిలబడలేదు. నా కోపం ఏమైందో నాకే తెలియదు.

"బాపూ, జేబు పెట్టు," అంది.

"జోకరుకు జేబెందుకే?"

"అండ్ల పువ్వు పెట్టుకుంట. తీసి మేడంకు ఇస్త."

"రెండు పెడ్త," అన్నాను. జోకరుకు రెండు జేబులుంటాయన్న సంగతి మా గల్లీ మొత్తానికి ఆ క్షణమే తెలిసి ఉంటుంది.

కత్తిరించడంలో నాకు గర్వం ఎక్కువైంది. ముడికి ముడి సరిపెట్టాను. ఒక వేలు ఎక్కువ లేదు, ఒక వేలు తక్కువ లేదు. కుట్టుమిషను కింది ఇంట్లో ఉంది. అక్కడ ఒక మరాఠీ పెద్దావిడ ఉంటుంది, అందరం మౌశీ అంటాం. ఆమె గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, దీన్ని ఉతికావా అని హిందీలో అడిగింది. "మౌశీ, ఈ గుడ్డ నేసినోణ్ణి నేను. నాకే చెప్తున్నవా?" అన్నాను. ఆమె మిషను మీది పువ్వుల గుడ్డ తీసి పక్కన పెట్టి, కూర్చోమన్నట్టు స్టూలు జరిపింది. రెండు సాయంత్రాలు తొక్కాను. చొక్కా, పైజామా తయారయ్యాయి, కుట్టు కొంచెం వంకర. బిడ్డకు తొడిగితే పోత పోసినట్టు సరిపోయాయి. చూశావా అన్నట్టు మౌశీ వైపు చూశాను.

శుక్రవారం మా సాంచెలు బంద్. శనివారం గ్యాదరింగ్. కిరాణాలో రెండు రంగు పొట్లాలు తెచ్చాను, ఎరుపు, పసుపు. వరండాలో స్టవ్వు పెట్టి, స్నానాల నీళ్లు కాచే గిన్నెలో పైజామా వేసి ఉడకబెట్టాను. రంగు ఎక్కదే! గుడ్డ లోపలి గంజి ఊడి వచ్చి నీళ్లు జావలా అయ్యాయి. ఇంకా ఉడకబెట్టాను. కర్రతో తిప్పాను. చొక్కాకూ అదే వైద్యం చేశాను. ఎక్కడ ఎక్కాలనిపిస్తే అక్కడ ఎక్కింది రంగు, మిగతా చోట్ల మచ్చలు. జోకరుకు మచ్చలు అందమే అనుకుని తీగ మీద ఆరేశాను.

మధ్యాహ్నం బిడ్డ స్కూలు నుంచి రాగానే తొడిగాను. పైజామా అంచు పిక్కల దగ్గరే ఆగిపోయింది. చొక్కా చేతులు మోచేతులు దాటి రాలేదు. అది అటుంచి, మెడలోంచి తలే దూరలేదు. చేతులు రెండూ పైకి, తల లోపల, పసుపు గుడ్డ మూటలా నిలబడి ఉంది నా బిడ్డ. లోపల ఏదో అంటోంది. నాకు అర్థం కాలేదు. మొహం కనబడకపోతే నాకు మాటే అందదు. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి చొక్కా పైకి లాగింది. లోపలి నుంచి వచ్చిన మొహం ఏడుస్తోంది.

"పదిహేడేండ్ల సంది గుడ్డ నేస్తున్నవ్," అంది మా ఆవిడ, "తడిస్తే గుంజుకపోతదని తెల్వదా?"

తెలియదు. నిజంగా తెలియదు. ఆ మాటకే సిగ్గుపడ్డాను. నా చేతి మీదుగా ఎన్ని తాన్లు దిగాయో లెక్కలేదు. దిగిన గుడ్డను దిగినట్టే మడత పెడతాం, టెంపో వచ్చి ఎత్తుకుపోతుంది. రంగు వేసేవాళ్లు వేరే, ఉతికేవాళ్లు వేరే, ఏ ఊళ్లోనో ఎవరి ఒంటి మీదో అది చొక్కా అవుతుంది. నేను నేసిన గుడ్డ తడవడం అన్ని ఏళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. మా కార్ఖానాలో ఏ నేతగాడిని అడిగినా ఇదే చెప్తాడు. మేం దాన్ని పుట్టిస్తాం కానీ, దానితో కాపురం చెయ్యం.

ఆ మచ్చల పైజామా చేతిలో పట్టుకుని కూర్చున్నాను. స్టేజీ మీదికి పోయేది నా చేతిపని ఒక్కటే అనుకున్నాను, అదీ చెడగొట్టాను. బిడ్డ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఏడుపు ఆపేసింది. "రేపు పేరు తీసేయమని మేడంకు చెప్పాల్నా?" అని అడిగింది. ఆ మాట నేను భరించలేకపోయాను. తెగిన పోగు చూసి కూర్చునే అలవాటు మాకు లేదు. సాంచె ఆగితే ముడి వేసి నడిపిస్తాం. చొక్కా తీసుకుని మెడ ముందు భాగాన్ని బొడ్డు దాకా కత్తెరతో చీల్చాను. మా ఆవిడ "అయ్యో" అంది. తాడు పెట్టి కట్టుకోవచ్చన్నాను. ఇక కాళ్లకూ చేతులకూ మిగిలిన తెల్ల ముక్కలు అతకాలి.

మౌశీ దగ్గరికి తల వంచుకునే పోయాను. ఆమె ఏమీ దెప్పలేదు. ఆ పూట తన పని పక్కన పెట్టి తనే మిషను దగ్గర కూర్చుంది. తెల్ల ముక్క చేతికి ఇస్తే మాత్రం నా వైపు చూసి, "ఇదైనా ఉతికావా?" అని అడిగింది. ఉతికాను, వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి ఆరబెట్టి తెచ్చాను. అప్పుడు నవ్వింది. ముక్కలను కుచ్చులుగా మడిచి మణికట్టు దగ్గర, మడమ దగ్గర అతికింది. ఎర్ర పైజామాకు తెల్ల కుచ్చులు, మచ్చల పసుపు చొక్కాకు ముందు తాళ్లు. నేను అనుకున్న దానికంటే అదే ఎక్కువ జోకరులా ఉంది. జేబులు మాత్రం రెండూ గుంజుకుపోయి, పువ్వు కాదు కదా, ఒక వేలు కూడా దూరేలా లేవు.

శనివారం పొద్దున బిడ్డను నేనే తయారు చేశాను. కొబ్బరినూనెలో పౌడరు కలిపి మొహానికి పట్టించాను. నూలు పోగులు కట్టలుగా కట్టి కోను టోపీ చుట్టూ కుడితే జుట్టు అయింది. ప్లాస్టిక్ బంతిని సగానికి కోసి మా ఆవిడ గోళ్ల రంగు పూస్తే ముక్కు అయింది. మా ఆవిడ లిప్‌స్టిక్ పెట్టి నోటిని రెండు చెంపల దాకా లాగాను. ఎటు చూసినా నవ్వే నోరు. లిప్‌స్టిక్ సగం అయిపోయిందని మా ఆవిడ మొత్తుకుంది.

నన్ను రమ్మని ఎవరూ అనలేదు. అయితే షేర్ ఆటోలో టోపీ నలిగిపోతుంది కదా, దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. నా సాంచెలు పక్కవాడికి అప్పజెప్పి, టోపీ ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. స్కూలు గేటు దగ్గర దిగి టోపీ పెట్టి, గడ్డం కింద రబ్బరు సరిచేశాను. "నేను ఈడనే ఉంట," అన్నాను. బిడ్డ సరేనని తల ఊపింది. ఇంత తొందరగా ఊపుతుందనుకోలేదు. తల్లీబిడ్డా లోపలికి వెళ్లిపోయారు.

గేటు పక్కన వడాపావ్ బండి ఉంది. ఒకటి తిన్నాను, ఆకలి లేకపోయినా. లోపల మైకు మోగుతోందని నేల అదురును బట్టి తెలుస్తోంది, మాట మాత్రం ఒక్కటీ తెలియలేదు. ఒక అదురు ఆగితే ఒక డాన్సు అయిపోయిందనుకున్నాను. జోకరు వంతు ఎప్పుడు వస్తుందో తెలియదు. నా బిడ్డ అవతల స్టేజీ మీద ఉంటుంది, నేను ఇవతల గోడ చూస్తూ నిలబడతాను. మా ఆవిడ ఫోన్లో వీడియో తీస్తుంది, ఇంటికి పోయాక చూస్తాను. అలా నాకు నేను చెప్పుకుంటూ ఇంకో వడాపావ్ కొన్నాను.

అప్పుడు గేటులోంచి జోకరు పరుగెత్తుకొచ్చింది.

టోపీ ఒక చెవి మీదికి జారింది. కుచ్చులు కాళ్లకు తగులుతున్నాయి. నా ముందు ఆగి రొప్పుతూ ఏదో అంది. నేను మొహం చూశాను. చెంపల దాకా నవ్వే ఎర్ర నోరు, నేనే గీసిన నోరు. దాని కింద అసలు పెదాలు ఏమంటున్నాయో ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏంది?" అన్నాను. మళ్లీ అంది. మళ్లీ అదే నవ్వు. "కనబడ్తలేదు బిడ్డా," అన్నాను. ఏం కనబడట్లేదో చెప్పాలని నా వేలు నా పెదాల మీద పెట్టుకుని చూపించాను.

 నేను ఏం చదువుతానో అప్పుడు అర్థమైంది దానికి. మరుక్షణం తెల్ల కుచ్చు నోటికి అడ్డం పెట్టి గట్టిగా తుడిచింది. ఒకసారి, రెండుసార్లు. పౌడరూ లిప్‌స్టిక్కూ కలిసి గడ్డమంతా గులాబీ రంగైంది. మధ్యలో నా బిడ్డ చిన్న పెదాలు బయటపడ్డాయి.

"లోపలికి రా బాపూ. నువ్వే కుట్టినవని చెప్పిన. నిన్ను పిలువమన్నరు."

మా ఆవిడ తర్వాత చెప్పింది. ప్రతి వేషానికీ తయారు చేసినవాళ్లు స్టేజీ మీదికి వచ్చి ఎలా చేశారో చెప్పాలట. టీచర్ మా ఆవిడను పిలిస్తే, ఆమె లేవబోతుంటే, అమ్మ కాదు బాపు అని బిడ్డ మైకులో చెప్పి దిగి పరుగెత్తిందట.

నా నోరు ఊరుకోదు. "మరి నేను ఒర్రుత గదనే," అన్నాను.

మెల్లగా అన్నాననే అనుకున్నాను. వడాపావ్ బండాయన తిరిగి చూశాడు. బిడ్డ కళ్లు పెద్దవయ్యాయి. ఆ పూట అన్నం దగ్గర తను అన్నది నాకు తెలుసని, అన్నీ తెలిసే డ్రెస్సు కుట్టానని దానికి తెలిసిపోయింది. అనకుండా ఉండాల్సింది, ఇప్పటికీ అనుకుంటాను. అది నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

బహుమతి మాకు రాలేదు. సీసా మూతలతో నెమలి చేసినవాళ్లకు వచ్చింది, న్యాయంగానే. నేను మాత్రం స్టేజీ ఎక్కాను. ఎదురుగా అంతమంది. టీచర్ ఏదో అడిగింది, నాకు అందలేదు. బిడ్డ నా ముందుకు వచ్చి మొహం ఎత్తి, చప్పుడు లేకుండా పెదాలతో చెప్పింది: ఎట్ల చేసినవని అడుగుతున్నది. నేను గొంతు ఎంత తగ్గించవచ్చో అంత తగ్గించి హిందీలో మొదలుపెట్టాను. టీచర్ మైకు నా నోటి దగ్గరికి జరిపింది. వెనక వరుసల వాళ్లు చెవుల వెనక చెయ్యి పెట్టుకుంటున్నారు. ఎవరికీ ఏమీ వినబడటం లేదని అర్థమైంది. ఇంకా తగ్గించాను.

బిడ్డ నా చొక్కా పట్టుకుని గుంజింది.

"గట్ల కాదు బాపూ," అంది. ఈసారి పెదాలతో కాదు, నోరంతా తెరిచి, అందరూ వినేలా. "పెద్దగ చెప్పు. ఇంట్ల ఎట్ల మాట్లాడ్తవో గట్లనే చెప్పు."

చెప్పాను. మైకు పక్కకు నెట్టి, ఆరు సాంచెల మధ్య నిలబడి మాట్లాడినట్టే చెప్పాను. ఈ గుడ్డ నేసింది నేనే, కుట్టింది నేనే, ఉడకబెట్టి చెడగొట్టింది కూడా నేనే అన్నాను. వెనక నిలబడ్డ సాంచెల వాళ్లు పడీ పడీ నవ్వారు, తడిస్తే గుడ్డ గుంజుకుపోతుందని వాళ్లకూ తెలియదు కాబట్టి. ముందు వరుసలో పిల్లలు రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. నా వేలు పట్టుకుని నిలబడ్డ జోకరు మాత్రం మూసుకోలేదు.